సర్కారు రంగు

ఆ మిలిటరీ క్వార్టర్సులో ఏ ఇంటి తలుపు తట్టి లోపలికి వెళ్ళినా మిగతా గదులు పసుపుగా, వంటిల్లు మాత్రం తెల్లగా కనబడుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలు అది వెలుతురు కోసం అనుకుంటారు. ఆస్పత్రి వాళ్ళనడిగితే పురుగూ పుట్రా కనబడటానికంటారు. రెండూ కాదు. ఆ తెలుపు ఒక ఆడమనిషి పగ. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుని, చేతులు కాల్చుకుని కలిపి, ఆఖరికి గోడ గోడకీ పూసి వెళ్ళిన పగ.

ఆమెను అందరూ సున్నాలమ్మ అనేవారు. తొంభై దాటి బతికింది. ఒక జవానుకు భార్య, ఒక కర్నలుకు తల్లి, ఒక కెప్టెను పిల్లకు నాయనమ్మ. చేతిలో సున్నపు కుంచెతో మొదలుపెట్టి, మొత్తం క్వార్టర్సు తాళాల గుత్తిని నడుముకు కట్టుకునేదాకా ఎదిగిన మనిషి. ఆ రోజుల్లో ఏ ఆడదీ అంత ఎత్తుకు వెళ్ళలేదు. ఈ రోజుల్లోనూ ఎవరైనా వెళ్ళారేమో చూపించమనండి.

కథ మొదలయ్యేనాటికి మాత్రం ఆమె ఉత్త డ్రైవరు పెళ్ళాం. మొగుడు మిలిటరీ లారీ తోలేవాడు. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి, ముక్కు మాత్రం ముందు గదిలోంచి వంటింట్లోకి కనబడేది. ఆమె కడుపుతో ఉండగా యుద్ధం వచ్చి అతను సరిహద్దుకు వెళ్ళాడు. పిల్లాడు తండ్రి లేకుండానే పుట్టాడు.

పిల్లాడికి మెడ నిలిచే వేళకు, మొగుడితో పాటు లారీ తోలే స్నేహితుడు సెలవు ముగించుకుని వెనక్కి పోతూ ఆమె గుమ్మంలో ఆగాడు.

"వదినా, నోరు తీపి చేస్తేగానీ చెప్పను."

"టీ ఉంది, పంచదార ఉంది. చెప్పి తాగు."

"మా దళాన్ని సరిహద్దులో ఆ కొస నుంచి ఈ కొసకి మారుస్తున్నారు. ఎల్లుండి సాయంత్రం మన జంక్షన్లో రైలు ఆగుతుంది, ఇంజను మార్చాలి. నేనూ అక్కడే ఎక్కుతా. అన్న పిల్లాణ్ణి తీసుకురమ్మన్నాడు. ఒక్కసారి చూసి పోతానురా, ఎవరి మొహం వచ్చిందో తేల్చుకోవాలి అంటున్నాడు."

"ముక్కు ఆయనది కాదని చెప్పు."

"బతికించావు. ఆ ముక్కే వస్తే పిల్లాడు కూర్చోలేడు వదినా, ముందుకు పడిపోతాడు."

దళం మారిపోయింది కాబట్టి ఆమె ఎలాగూ క్వార్టరు ఖాళీ చేసి పుట్టింటికి పోవాలి. పుట్టింటికి దారి ఆ జంక్షన్ మీదుగానే. మధ్యాహ్నం బండి ఎక్కితే సాయంత్రానికి అక్కడ దిగుతుంది. అన్నీ ఎవరో కూర్చుని అమర్చినట్టు కుదిరాయని ఆ రాత్రి పిల్లాడికి చెప్పుకుని మురిసిపోయింది.

అయితే మిలిటరీలో రైలు పాసు ఊరికే ఇవ్వరు. క్వార్టరు మాస్టరు వచ్చి ఇల్లంతా తనిఖీ చేసి, ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పారని చీటీ ఇవ్వాలి. చీటీ చూపిస్తే పాసు, పాసు చూపిస్తే బండి. ఆ క్వార్టరు మాస్టరును వెనకాల గోరుదొర అనేవారు. కుడిచేతి బొటనవేలి గోరు పెంచి, దానితో గోడ గీకి లోపలి పొర చూసేవాడు. ఏ మేకు దిగగొట్టినా, ఏ గడియ వదులైనా ఆ గోటికి తెలిసిపోయేది. లంచం ముట్టడు, పొగడ్తకు పొంగడు. ఆ మాట అతనే చెప్పుకునేవాడు, పక్కన ఎవరున్నా లేకపోయినా.

ఆమెకు పౌరుషం ఎక్కువ. తీసుకున్నప్పటికంటే బాగా అప్పజెప్పాలని తలచింది. వంటింట్లో బొగ్గుల పొయ్యి వల్ల గోడంతా మసి. బజారులో సున్నం కొనుక్కొచ్చి, పిల్లాణ్ణి ట్రంకుపెట్టె మూతలో పడుకోబెట్టి, రోజంతా నిలబడి వంటింటికి రెండు పూతలు వేసింది. సాయంత్రం పక్కింటావిడ వచ్చి చూసి, "పాలు ఒలికినట్టుంది వదినా," అంది. ఆ మాటకు ఆమె వీపు నొప్పి మాయమైంది.

పొద్దున్నే గోరుదొర వచ్చాడు. ముందు గది చూశాడు, పడగ్గది చూశాడు. వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"తెల్లగా ఉంది," అన్నాడు.

మెచ్చుకున్నాడనుకుంది. "అవునండి. మసి పోవాలని సున్నం వేశా."

"సర్కారు రంగేంటి?"

ఆమెకు అర్థం కాలేదు.

"పసుపు," అన్నాడు అతనే. "ఈ దేశంలో ఏ మూలకు పో, క్వార్టరు గోడ పసుపు. నీకు తోచిన రంగు పూసుకోవడానికి ఇదేమన్నా నీ పుట్టిల్లా?"

"తప్పయింది అయ్యగారూ. తెలియక చేశాను. దీని మీదే పసుపు వేయిస్తా, పక్కింటి వదినకి చెప్పి వెళ్తా."

"సున్నం మీద ఆ రంగు నిలవదు, పొరలు లేస్తుంది. గీకాలి. గీకి, కడిగి, ఆరాక పసుపు వెయ్యాలి. అప్పుడు చీటీ."

"మధ్యాహ్నం బండికి పోవాలండి. వాళ్ళ నాన్న జంక్షన్లో చూస్తుంటాడు. పిల్లాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు."

గోరుదొర చీటీల కట్టను చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. "రేపు ఇంకో బండి ఉందిగా," అన్నాడు. కోప్పడలేదు, కసరలేదు. కోప్పడి ఉంటే ఆమె కొన్నాళ్ళకు మరిచిపోయేదేమో.

స్టోరు నుంచి గోడ గీకే ఇనప రేకు ఒకటి పంపించాడు. ఆమె గీకడం మొదలుపెట్టింది. తడి ఆరని సున్నం గోళ్ళ సందుల్లో దూరి మండింది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఎదురింట్లోంచి గోరుదొర భార్య వచ్చి ఎత్తుకుంది, ఆమెకు ఓ చెంబుడు నీళ్ళిచ్చింది. "ఆయనంతే తల్లీ. ఇంట్లో నా మాటే చెల్లదు," అని పిల్లాణ్ణి భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది. మధ్యాహ్నం బండి కూత వినబడింది. సున్నాలమ్మ చెయ్యి ఆగలేదు. ఆగితే ఆ రేకు పెట్టి ఏం చేసేదో ఆమెకే తెలియదు.

పసుపు వేయడం అయ్యాక, పొద్దుగూకే వేళ గోరుదొర వచ్చి గోటితో గీకి చూసి, "చూశావా, మనసు పెడితే ఎంత బాగా అవుతుందో," అని చీటీ ఇచ్చాడు. ఆ రాత్రే క్యాంటీనులో నలుగురినీ కూర్చోబెట్టి చెప్పి నవ్వించాడు: సర్కారు గోడకి సున్నం పూసిన పిల్ల కథ. మర్నాటికి ఆమె పేరు సున్నం పిల్ల. ఏళ్ళు గడిచేకొద్దీ అదే సున్నాలమ్మ అయింది. ఆ పేరు ఎక్కడిదో చాలామందికి తెలియదు. ఆమెకు తెలుసు, పెట్టినవాడికి తెలుసు.

ఆ చలికాలం దాటకుండానే ఆమె మొగుడి లారీ వంతెన మీద మందుపాతర తొక్కింది. సంగతి చెప్పడానికి ఆ స్నేహితుడే వచ్చాడు. పుట్టింటి అరుగు మీద కూర్చుని చాలాసేపు బూట్ల లేసులు చూసుకున్నాడు.

"ఆ రోజు జంక్షన్లో ఏం చేశాడు?" అని ఆమె అడిగింది.

"వద్దులే వదినా."

"చెప్పు."

"గడ్డం గీసుకున్నాడు. మీ బండి రాగానే ఆడవాళ్ళ పెట్టెలన్నీ వెతికాడు. ఆఖరికి గార్డు పెట్టెలోకి కూడా తొంగిచూశాడు. మా రైలు కదిలాక తలుపు దగ్గరే నిలబడ్డాడు. పిల్లాడికి జ్వరం వచ్చుంటుందిరా, లేకపోతే రాకుండా ఉండదు అన్నాడు."

ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీసింది. ఆ ఇనప రేకును స్టోరుకు వెనక్కి ఇవ్వలేదు, చీరల అడుగున పెట్టి తెచ్చుకుంది. గోరుదొర అన్నీ తనిఖీ చేశాడు కానీ అది అడగడం మర్చిపోయాడు. దాన్ని మళ్ళీ చీరల అడుగునే పెట్టింది. తర్వాత మిలిటరీ వాళ్ళు పోయినవాడి భార్యకు ఉద్యోగం ఇస్తామంటే, ఎక్కడ కావాలో ఆమే చెప్పింది: ఆ క్వార్టర్సులోనే, ఆ స్టోరులోనే. పుట్టింటివాళ్ళు బుద్ధి చెడిందన్నారు. ఆస్పత్రిలో నీడపట్టున పని ఇస్తామన్నా వద్దంది.

గోరుదొర ఆమెను చూసి గుర్తుపట్టాడు. "సున్నం బాగా వేస్తావుగా. ఆ పనే చెయ్యి," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వును ఆమె చాలా ఏళ్ళు వాడింది.

సున్నం పని తెలియనివాళ్ళకు తేలిగ్గా కనబడుతుంది. సున్నపురాళ్ళను డ్రమ్ములో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది, ఆవిరి మొహాన కొడితే కళ్ళు పోతాయి. చల్లారాక గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి, చిటికెడు నీలిమందు వేస్తేనే తెలుపు తెలుపుగా ఉంటుంది. ఆమె చేతులకు ఎప్పుడూ నూనె వాసన, వేళ్ళ మీద ఎప్పుడూ పగుళ్ళు. క్వార్టర్సు ప్రహరీలు, చెట్ల మొదళ్ళు, దారి పక్క రాళ్ళు అన్నీ ఆమె చేతి మీదే తెల్లబడేవి. ఇళ్ళ లోపల మాత్రం పసుపే వేసింది, గోరుదొర చెప్పినట్టే. మేస్త్రీ అయింది. తర్వాత రంగుల గది తాళం చేతికొచ్చింది. తర్వాత మొత్తం స్టోరు. గోరుదొర కింద పనిచేసినవాళ్ళలో ఒక్క తప్పూ పడనిది ఆమె ఒక్కతే. పక్కవాళ్ళు అది భక్తి అనుకున్నారు. కాదు, కాపు కాయడం.

అలాగని ఆమె ఒక్క పగ పట్టుకుని కూర్చున్న మనిషి కాదు. వరండాకొకటిగా ఉన్న కుళాయిలు ఇంటికొకటి అయ్యాయంటే ఆమె చలవే. కూలికొచ్చే ఆడవాళ్ళ పిల్లల కోసం స్టోరు పక్క గదిని ఖాళీ చేయించింది ఆమే. రేషను బియ్యంలో రాళ్ళు వస్తున్నాయని ఆ బియ్యమే వండి మేజరు బల్ల మీద పెట్టి, "ఒక్క ముద్ద తినండి బాబూ," అన్నదీ ఆమే. మేజరు తిన్నాడు. మర్నాటి నుంచి మంచి బియ్యం వచ్చింది. పిల్లాణ్ణి ఒంటిచేత్తో చదివించింది. వాడు పరుగులో ఫస్టు, లెక్కల్లో ఫస్టు. మిలిటరీలో చేరతానంటే అడ్డుపడలేదు. ఒకే మాట చెప్పింది: "జంక్షన్లో ఎవరైనా నీ కోసం చూస్తుంటే, నువ్వు దిగి వెతుక్కోవాలి. వాళ్ళు రాలేరేమో."

వంటిళ్ళు తెల్లగా ఉండాలన్న మాట మొదట ఎత్తింది ఆమే. ఒక ఏడాది వానాకాలంలో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆస్పత్రి డాక్టరమ్మ వంటిళ్ళలో బొద్దింకలని తిట్టింది. "పసుపు గోడ మీద బొద్దింక కలిసిపోతుందండి. సున్నమైతే అది పాకదు, పాకినా కనబడుతుంది," అంది సున్నాలమ్మ. డాక్టరమ్మ రాసి పంపింది. ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని సున్నాలమ్మ కమాండరు భార్య దగ్గరకు పోయింది. కానీ ఆ కాగితం గోరుదొర బల్ల దాటలేదు.

"నా సర్వీసులో సర్కారు రంగు మారదు సున్నాలమ్మా," అన్నాడు నవ్వుతూ. "నీకు సున్నం మీద మోజు ఇంకా పోలేదా?"

"ఎక్కడ పోతుందండి," అంది.

అతను రిటైరవడానికి ముందు కొన్ని నెలలు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. కుర్చీలోకి కొత్త కుర్రాడు వచ్చాడు. సున్నాలమ్మ అతనికి మొదటి వారమే ఆ కాగితం వెతికి ఇచ్చింది. అతను చదివి, ఇందులో అభ్యంతరం ఏముందని సంతకానికి పైకి పంపాడు. ఆర్డరు వచ్చింది: ఇకమీదట ఏ వంటింటికి రంగు వేసినా తెల్ల సున్నమే వెయ్యాలి, ఇప్పటికే ఉన్న పాత పసుపు అలాగే ఉండొచ్చు. స్టోరు ముందు బోర్డుకు అంటించారు. క్వార్టర్సులో అందరూ చదివారు, ఒక్క గోరుదొర తప్ప. బోర్డుకు అంటించేవాణ్ణేగానీ చదివేవాణ్ణి కాదని అతని గర్వం.

స్టోరులో పనిచేసే కుర్రపిల్ల ఒకతె, "పిన్నీ, పెద్దాయనకి చెప్పి రానా? రేపోమాపో ఇల్లు అప్పజెప్తాడట," అంది.

"బోర్డు మీద ఉందిగా," అంది సున్నాలమ్మ, తాళాల గుత్తి తుడుచుకుంటూ.

క్వార్టరు మాస్టరు ఇంటిని స్టోరు పెద్దే తనిఖీ చెయ్యాలి. స్టోరు పెద్ద ఆమే. ఈ ఒక్క పొద్దు కోసమే ఆమె నీడపట్టు పని వదులుకుని సున్నపు డ్రమ్ముల దగ్గర నిలబడింది. కానీ ఆమెకు గుబులుగానే ఉంది. అతను గట్టివాడు. ఇల్లు అద్దంలా ఉంచుకుంటాడు. వంటింటి పాత పసుపును ముట్టుకోకుండా వదిలేస్తే ఆమె చీటీ ఇచ్చి తీరాలి. తప్పు లేనిచోట తప్పు రాయడం ఆమెకు చేతకాదు. అతను మధ్యాహ్నం బండి ఎక్కి, కూత పెట్టించుకుని పోతాడు. ఆ తర్వాత ఆమె ఎంతకాలం బతికినా ఉత్తదే.

ఆ పొద్దున ఆమె కొడుకు సెలవులో ఉన్నాడు. కొత్తగా లెఫ్టినెంటు అయ్యాడు. తనిఖీ అయ్యాక అటే బజారుకు పోదామని తల్లి వెంట వచ్చాడు. గోరుదొర ఇంటి గేటు తీస్తుండగానే సున్నాలమ్మ ఆగిపోయింది. గాలిలో పచ్చి రంగు వాసన. ఆమె గేటు పట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా, కళ్ళు తిరిగాయా?"

"లేదు. పద."

లోపల పెట్టెలు కట్టేసి ఉన్నాయి. గోరుదొర ఇస్త్రీ బట్టల్లో, జోళ్ళకు పాలిషు పెట్టుకుని ఉన్నాడు. అతని సొంతూరి స్టేషన్లో మేనల్లుళ్ళు బ్యాండు పెట్టారట, రిటైరై వస్తున్న మామయ్యను బండి దిగిన దగ్గర్నుంచి ఇంటిదాకా వాయించుకుంటూ తీసుకుపోతారట. ఆ ముచ్చట నెలరోజులుగా క్యాంటీనులో వినీ వినీ అందరి చెవులూ అరిగాయి.

"రా సున్నాలమ్మా, రా. ఏ గడియ వదులుందో వెతుక్కో. దొరికితే నా మీసం గీయించుకుంటా."

ఆమె వెతికింది. గడియలకు నూనె రాసి ఉంది. కిటికీ ఊచలకు తుప్పు లేదు. కుళాయి కారట్లేదు. తలుపు పైన వేలు పెడితే దుమ్ము అంటలేదు. ముందు గది పసుపు, పడగ్గది పసుపు, మచ్చుకైనా మరక లేదు. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేల నుంచి కప్పుదాకా కొత్త రంగు, పసుపుపచ్చగా మెరిసిపోతోంది.

"నిన్ననే వేయించా," అన్నాడు గోరుదొర వెనక నుంచి. "నేను దాచుకున్న డబ్బాలోది. ఇలాంటి సరుకు ఇప్పుడు రాదు. తీసుకున్నప్పటికంటే బాగా అప్పజెప్పాలి, అదీ పద్ధతి."

"పసుపుగా ఉంది," అంది ఆమె.

"మరి!"

"సర్కారు రంగేంటి?"

అతను పకపకా నవ్వాడు. "నన్నడుగుతున్నావా?"

"బోర్డు మీద ఉంది. వంటింటికి కొత్తగా ఏ పూత వేసినా తెల్ల సున్నం. పాతది ముట్టుకోకుండా వదిలేసుంటే ఈపాటికి చీటీ మీ చేతిలో ఉండేది."

తల్లి సంచీలోంచి తీసిన ఆర్డరు కాగితం నకలు కొడుకు అందుకుని పెద్దాయనకు చూపించాడు. గోరుదొర చదివాడు. మళ్ళీ చదివాడు. తన బల్ల కింద ఏళ్ళకేళ్ళు తొక్కిపెట్టిన మాటలే, కింద సంతకంతో.

"సరేలే. మీ కుర్రాళ్ళతో సున్నం కొట్టించు. మేం బయల్దేరాలి."

"ఆ రంగు మీద సున్నం నిలవదండి, జారిపోతుంది. గీకాలి. గీకి, కడిగి, ఆరాక సున్నం. అప్పుడు చీటీ."

"పరాచికాలొద్దు సున్నాలమ్మా. అక్కడ మావాళ్ళు బ్యాండు పెట్టి చూస్తుంటారు."

"విన్నా."

అప్పుడు తగిలింది అతనికి. ఆమె మొహంలోకి చూశాడు, గోడలోకి చూశాడు. "అదా? ఆ సున్నం సంగతా? అది ఎన్నటి మాటే తల్లీ. ఎంత నవ్వుకున్నామో క్యాంటీనులో..." అని ఆగిపోయాడు.

"ఆ కథ అందరూ విన్నారు, నేనొక్కదాన్నే వినలేదు," అంది సున్నాలమ్మ. "చెప్పండి. ఇక్కడే, గోడ ముందు నిలబడి చెప్పండి. మా అబ్బాయి కూడా వింటాడు. ఎక్కడ నవ్వాలో అది కూడా చెప్పండి."

గోరుదొర తలెత్తాడు. ఎదురుగా యూనిఫాం లేకపోయినా సైనికుడిలాగే నిలబడి ఉన్నాడు కొడుకు. ముక్కు తండ్రిది కాదు, కళ్ళు మాత్రం తండ్రివే. ఆ కళ్ళు చూడలేక పెద్దాయన నేలచూపులు చూశాడు.

"అమ్మా," అన్నాడు కొడుకు మెల్లగా, "పెద్దమనిషి. వదిలెయ్యి. నాకేం పట్టింపు లేదు."

"నీకెందుకుంటుంది నాన్నా? నువ్వు అప్పటికి పాలు తాగే పిల్లాడివి. పెట్టె పెట్టెకీ తిరిగి వెతుక్కున్నది మీ నాన్న. నేను ఆయన తరఫున చేస్తున్నా. నీ తరఫున కాదు, నా తరఫున కూడా కాదు. ఆయన వచ్చి వదిలెయ్యమంటే వదిలేస్తా."

గోరుదొర భార్య పెట్టె మీద కూర్చుని ఉంది, పక్కన కూతురు. సున్నాలమ్మ ఆమె దగ్గరకు వెళ్ళి వంగి మాట్లాడింది.

"అక్కా, మీ పాసు, మీ అమ్మాయి పాసు విడిగా రాయించి తెచ్చా. ఆ రోజు మీరు పిల్లాణ్ణి ఎత్తుకున్నారు, నాకు నీళ్ళిచ్చారు. మీరు బండి ఎక్కండి. ఈయన ఉంటాడు."

ఆమె ముందుగానే రాయించి తెచ్చిందన్న సంగతి కొడుకుకు అప్పుడు అర్థమైంది.

పెద్దావిడ మొగుణ్ణి చూసింది. తర్వాత లేచి చేతిసంచీ తీసుకుంది. "బ్యాండువాళ్ళకేం చెప్పను?" అంది.

"వాయించమనండి," అంది సున్నాలమ్మ. "ఇన్నేళ్ళు ఈయనతో కాపురం చేసింది మీరేగా."

పెద్దావిడ పెదవుల మీద నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటింది.

సున్నాలమ్మ సంచీలోంచి ఇనప రేకు తీసింది. ఏటేటా నూనె రాసి ఉంచింది, ఎక్కడా తుప్పు లేదు. గోరుదొర దాన్ని గుర్తుపట్టాడు. స్టోరు ముద్ర ఇంకా దాని పిడి మీద ఉంది.

"ఇది స్టోరుది," అన్నాడు, వేరే మాట దొరక్క.

"ఔను. మీరు అడగలేదు."

పాలిషు పెట్టిన జోళ్ళు విప్పి, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, గోరుదొర గోడ గీకడం మొదలుపెట్టాడు. నాలుగు గీతలకే ఆయాసం వచ్చింది. కొడుకు ఒక అడుగు ముందుకు వేశాడు. "నువ్వు ముట్టుకోకు," అంది తల్లి, వాడు ఆగిపోయాడు. పసుపు పొడి రాలి పెద్దాయన మీసాల మీద పడింది. ఆమె ఆయన పెట్టె మీద కూర్చుని చూసింది. మధ్యాహ్నం బండి కూత వినబడింది. ఆయన చెయ్యి ఆగింది.

"ఆగకండి," అంది. "నేను ఆగలేదు."

గోడ ఆరి, సున్నం పడేసరికి పొద్దుపోయింది. ఆమె గోటితో గీకి చూసింది. "చూశారా, మనసు పెడితే ఎంత బాగా అయిందో," అని చీటీ చేతిలో పెట్టింది. ఆయన చీటీ వైపు చూసుకుంటూ, "మళ్ళీ బండి?" అన్నాడు.

"రేపు ఇంకో బండి ఉందిగా."

తర్వాత తెలిసింది, బ్యాండువాళ్ళు నిజంగానే వాయించారట. పెద్దావిడ ముందు నడిచిందట, బాజాలు వెనకట. మర్నాడు గోరుదొర దిగేసరికి స్టేషన్లో ఒక్క మేనల్లుడు, సైకిలుతో.

బరువుకు బరువు తూగిందా అంటే తూగలేదు. ఒక బ్యాండు మేళం, ఒక చూపు, రెండూ ఒకటెలా అవుతాయి? ఆ మాట సున్నాలమ్మే అనేది. కానీ తీపి తగ్గలేదు అని కూడా అనేది. తనిఖీ బయల్దేరే రోజున పెట్టకూడదు, ముందే ముగించాలని ఆ ఏడే కొత్త నియమం తెప్పించింది. ఆ తర్వాత ఆ క్వార్టర్సులో గోడ వల్ల బండి తప్పిన ఇల్లాలు లేదు. అందరూ దాన్ని సేవ అన్నారు, సన్మానం చేశారు. సన్మానంలో మాట్లాడమంటే, "ఆ కుర్చీలో ఇంకో గోరు మొలవకుండా కత్తిరించా," అని కూర్చుంది.

కొడుకు సెలవు అయిపోయినప్పుడు జంక్షన్ దాకా వాడితో వెళ్ళింది. అన్నేళ్ళలో ఆ ప్లాట్‌ఫారం మీద ఆమె కాలు పెట్టలేదు. ఇంజను మార్చేచోటికి నడిపించుకు వెళ్ళి, వచ్చే పోయే పెట్టెల తలుపులకు ఎదురుగా కొడుకును నిలబెట్టింది.

"టోపీ తియ్యి. మొహం కనబడాలి."

వాడు టోపీ తీసి నిలబడ్డాడు. ఒక రైలు ఆగి, కదిలి, పూర్తిగా దాటిపోయేదాకా నిలబడ్డాడు. తల్లి పక్కకు జరిగి నిలబడింది, వాడి మీద నీడ పడకుండా.

"ముక్కు ఆయనది కాదని ముందే చెప్పి పంపాను," అంది. "ఇప్పుడు పోదాం పద."

ఆ తర్వాత ఇంకా నలభై ఏళ్ళ పైచిలుకు బతికింది. కొడుకు కర్నలయ్యాడు, మనవరాలు కెప్టెనైంది. సొంత ఇంట్లో, తెల్లటి వంటింటి గోడకు, ఆ ఇనప రేకు మేకుకు వేలాడుతుండేది. గోరుదొర పోయాడని కబురు వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని ఉంది. విని, కోడలితో ఇంకో గరిటె వడ్డించమంది, తృప్తిగా తిని చెయ్యి కడుక్కుంది.

"ఇప్పుడైనా ఆ రేకు తీసేద్దామా అత్తయ్యా?" అంది కోడలు.

సున్నాలమ్మ లేచి రేకు తీసి, నూనె గుడ్డతో అటూ ఇటూ తుడిచి, మళ్ళీ మేకుకే తగిలించింది.

"ఉండనీ," అంది. "ఇంకెవరైనా రావచ్చు."